లెక్కలోనూ నిర్ణయంలోనూ స్థానికుల వాటా: వన్యప్రాణుల ఉమ్మడి నిర్వహణపై పాఠకుల ప్రశ్నలు

వన్యప్రాణుల సంరక్షణ బాధ్యతను ప్రభుత్వాలూ ఆదివాసీ సమాజాలూ పంచుకునే పద్ధతి గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. మొదటి జవాబు మిగతావాటికంటే పొడవుగా ఉంది. ఈ పద్ధతి ఎలా పుట్టిందో, దేని బలంతో నిలబడిందో ఆ ఒక్క ఉదాహరణలోనే దాదాపు పూర్తిగా కనిపిస్తుంది కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: అలాస్కాలో ఎస్కిమోలు నేటికీ తిమింగలాలను వేటాడుతున్నారనీ, అందుకు అమెరికా ప్రభుత్వమే అనుమతిస్తోందనీ చదివాను. అంతరించిపోతుందని భయపడిన జీవి సంరక్షణను దాన్ని వేటాడేవారికే అప్పగించడం ఎలా సమంజసం?
— ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు చదివింది నిజమే. ఆ జీవిని బోహెడ్ తిమింగలం అంటారు. ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు సముద్రాల్లో మాత్రమే బతికే ఈ తిమింగలం పద్దెనిమిది మీటర్ల పొడవు దాకా పెరుగుతుంది. అలాస్కా ఉత్తర తీరంలోని ఇన్యూపియాట్ ప్రజలూ, సెయింట్ లారెన్స్ దీవిలోని యూపిక్ ప్రజలూ దీన్ని వందల ఏళ్ళుగా ఆహారం కోసం వేటాడుతున్నారు. అయితే బోహెడ్‌లను అంతరించే అంచుకు తెచ్చింది వారి వేట కాదన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి. 1848లో ఒక అమెరికన్ వేట ఓడ బేరింగ్ జలసంధి దాటి ఉత్తరానికి వెళ్ళి, అక్కడ ఈ తిమింగలాలు పుష్కలంగా ఉన్నాయన్న వార్తతో తిరిగివచ్చింది. అప్పటినుంచి అరవై ఏళ్ళకు పైగా వ్యాపార ఓడలు నూనె కోసం, తిమింగలం నోటిలోని జల్లెడ పలకల కోసం వాటిని అదేపనిగా చంపాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో గిట్టుబాటు కాక ఆ వ్యాపారం ఆగిపోయేసరికి మిగిలినవి కొద్ది మాత్రమే.

1977లో తిమింగలాల వేటను నియంత్రించే దేశాల ఉమ్మడి సంస్థ, అంతర్జాతీయ తిమింగలాల కమిషన్, అప్పటిదాకా ఆదివాసుల వేటకు ఉన్న మినహాయింపును రద్దుచేసింది. మంచు అంచున నిలబడి లెక్కించిన శాస్త్రవేత్తల అంచనా ప్రకారం ఆ సముద్రంలో మిగిలిన బోహెడ్‌లు రెండు వేలకు మించవు, ఆరు వందలే ఉన్నా ఉండవచ్చు. తీరగ్రామాల వేటగాళ్ళకు ఇది పిడుగుపాటు. తిమింగలం వారికి శీతకాలపు తిండి. ఒక్క తిమింగలం దొరికితే దాని మాంసాన్ని ఊరంతా పంచుకుంటారు, వ్యాపారానికి అమ్మరు. ఆ ఏడాదే వారు అలాస్కా ఎస్కిమో తిమింగల వేట కమిషన్ అనే సొంత సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. డిసెంబరులో జరిగిన ప్రత్యేక సమావేశంలో అంతర్జాతీయ కమిషన్ కొద్దిగా దిగివచ్చి, 1978 సంవత్సరానికి ఒడ్డుకు చేర్చినవి 12 గానీ బల్లెం తగిలినవి 18 గానీ, ఏది ముందు పూర్తయితే అక్కడితో వేట ఆపాలన్న షరతుతో కోటా ఇచ్చింది.

ఆ తరువాత జరిగినదే మీ ప్రశ్నకు అసలు జవాబు. ఆ లెక్క తప్పు అని వేటగాళ్ళు చెప్పారు, ఎందుకు తప్పో కారణాలతో సహా చెప్పారు. వసంతంలో తిమింగలాలు బేరింగ్ సముద్రం నుంచి తూర్పున బోఫోర్ట్ సముద్రానికి వలస వెళ్ళేటప్పుడు మంచుపలకల మధ్య తెరుచుకున్న నీటి దారుల వెంట సాగుతాయి. ఆ దారి మూసుకుపోతే వలస ఆగిపోతుందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. తిమింగలాలు ఆగవనీ, మంచు కిందుగానే ఈదుకుంటూ పోయి, తలతో మంచును పైకి పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయనీ, పైగా ఒడ్డునుంచి కంటికి ఆనని దూరంలో కూడా చాలా తిమింగలాలు వెళతాయనీ వేటగాళ్ళ వాదన. ఆ మాటను కొట్టిపారేయకుండా, అలాగని ఊరికే తలూపకుండా, పరీక్షించి చూడాలని కొందరు శాస్త్రవేత్తలు నిర్ణయించుకున్నారు. అలాస్కా ఉత్తర కొసన ఇన్యూపియాట్లే నడుపుకునే స్థానిక ప్రభుత్వం, నార్త్ స్లోప్ బరో, తనకు చమురు పన్నుల ద్వారా వచ్చే డబ్బును ఈ పరిశోధన మీద ఖర్చుపెట్టింది. మంచు కింద శబ్దాలను పట్టే హైడ్రోఫోన్లను దించారు. కళ్ళకు ఒక్క తిమింగలమూ కనబడని రోజుల్లో కూడా నీటిలో వాటి పిలుపులు వినిపించాయి. కంటితో చేసిన లెక్కనూ చెవితో చేసిన లెక్కనూ కలిపి చూస్తే పాత అంచనా వాస్తవానికి ఎంతో తక్కువని తేలింది. పద్ధతి స్థిరపడిన తరువాత 2001లో సుమారు 10,500, 2011లో సుమారు 16,800 తిమింగలాలు ఉన్నట్లు లెక్కకట్టారు. మొదటి అంచనా తప్పడం ఒక కారణమైతే, అవి నిజంగానే ఏటా మూడు శాతానికి పైగా పెరుగుతూ వచ్చాయి. వేట ఆగకుండానే ఈ పెరుగుదల జరిగింది.

మరొక విషయం కూడా చెప్పాలి. బోహెడ్ రెండు మనిషి జన్మలంత కాలం బతుకుతుందని అక్కడి పెద్దలు చెబుతుండేవారు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో కంటి కటకాల రసాయన పరీక్ష ద్వారా కొన్ని తిమింగలాల వయసు నూరేళ్ళు దాటిందనీ, ఒకదాని వయసు రెండు వందల ఏళ్ళ పైమాటేననీ అంచనా వేశారు. 2007లో వేటాడిన ఒక తిమింగలం శరీరంలో పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాలనాటి పేలుడు బల్లెం ముక్క దొరికింది. ఇంత ఆయుష్షు ఉన్న జీవి ఎంత నిదానంగా పిల్లల్ని కంటుందో, ఎంత వేటను తట్టుకోగలదో లెక్కవేయడానికి ఆ పెద్దల మాట ఎంతగా ఉపకరించిందో మీరే ఊహించండి.

1981లో అమెరికా సముద్ర, వాతావరణ పరిపాలన సంస్థకూ వేటగాళ్ళ కమిషన్‌కూ మధ్య సహకార ఒప్పందం కుదిరింది. కోటాను పదకొండు గ్రామాల మధ్య పంచేది ఆ కమిషనే. ప్రతి పడవ నాయకుడూ, మన తీరంలో అయితే సరంగు అంటాం, తాను వేసిన ప్రతి బల్లెం గురించి కమిషన్‌కు నివేదిక ఇవ్వాలి. నియమం మీరిన వ్యక్తిపై మొదట చర్య తీసుకునేది కూడా తన తోటి వేటగాళ్ళే. 2018లో బ్రెజిల్‌లో జరిగిన అంతర్జాతీయ కమిషన్ సమావేశం 2019 నుంచి 2025 వరకు ఏడేళ్ళకు కలిపి 392 తిమింగలాలను ఒడ్డుకు చేర్చవచ్చనీ, ఏడాదికి 67కు మించి బల్లెం వేయకూడదనీ నిర్ణయించింది. రష్యాలోని చుకోత్కా ప్రజల వాటా కూడా ఇందులోనే ఉంది. శరదృతువు వలస సమయంలో చమురు కంపెనీలు భూకంపన సర్వేలు (సముద్రగర్భంలోకి పెద్ద శబ్దాలు పంపి చమురు వెతకడం) ఆపి ఉంచేలా వేటగాళ్ళు ఆ కంపెనీలతో విడిగా ఒప్పందాలు కూడా చేసుకుంటూ వచ్చారు. తిమింగలానికి నేడు పెద్ద ముప్పు ఓడల రద్దీ, సముద్రంలోని మోత, కరిగిపోతున్న మంచు. ఈ మూడింటికీ ఎదురుగా నిలబడి మాట్లాడే సంస్థ ఒకటి ఉండడమే ఒక రక్షణ.

వేటాడే మనిషి ఆ జీవికి శత్రువే అయి ఉంటాడన్న భావన చదువుకున్నవారిలో బలంగా ఉంది. తన పిల్లలు కూడా అదే తిండి తినాలని కోరుకునే సమాజానికి ఆ జీవి మిగిలి ఉండాలన్న పట్టుదల దూరాన ఉన్న మనకంటే తక్కువ ఉండదని నా నమ్మకం. అయినా నమ్మకం ఒక్కటే చాలదు. లెక్క ఉండాలి, ఆ లెక్కను ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, కోటా మీరితే ఆపగల అధికారం ఉండాలి. అలాస్కాలో ఆ మూడూ సమకూరాయి. అలాగని వారి స్థితి పూర్తిగా భద్రమేమీ కాదు. 2002 మే నెలలో జపాన్‌లోని షిమొనొసెకిలో జరిగిన అంతర్జాతీయ కమిషన్ సమావేశంలో, దేశాల మధ్య తిమింగలాల సంఖ్యతో నిమిత్తం లేని పేచీ వల్ల ఈ కోటా వీగిపోయింది. మళ్ళీ అక్టోబరులో ప్రత్యేక సమావేశం పెట్టి పునరుద్ధరించవలసివచ్చింది.

ప్రశ్న: ప్రభుత్వ శాస్త్రవేత్తల మాట ఒకటి, స్థానికుల మాట మరొకటి అయినప్పుడు చివరికి ఎవరి మాట నెగ్గుతుంది?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అది ఒప్పందంలో ఏమి రాసుకున్నారన్న దానిమీద ఆధారపడుతుంది. ఈ తేడాను చూడడానికి కెనడా అనువైన చోటు.

కెనడా ఉత్తర భాగంలో కారిబూ అనే దుప్పి జాతి జంతువులు పెద్ద మందలుగా వలస తిరుగుతాయి. 1970ల చివర కమినూరియాక్ మంద బాగా తగ్గిపోయిందని ప్రభుత్వ జీవశాస్త్రవేత్తలు ప్రకటించారు. 1980లో వారి అంచనా 39,000. మంద తగ్గలేదు, మీరు వెతికిన చోట లేదంతే అని అక్కడి ఆదివాసులైన ఇన్యూట్, దెనె వేటగాళ్ళు వాదించారు. రెండేళ్ళ తరువాత జరిపిన సర్వేలో సంఖ్య లక్ష దాటింది. ఆ తగాదా నడుమనే 1982లో బెవర్లీ, కమినూరియాక్ మందల కోసం ఒక నిర్వహణ మండలి ఏర్పడింది. పదమూడు మంది సభ్యుల్లో ఎనిమిది మంది కారిబూ మీద ఆధారపడిన గ్రామాలవారు, ఐదుగురు ప్రభుత్వాల ప్రతినిధులు. మెజారిటీ స్థానికులదే అయినా ఈ మండలి మంత్రులకు సలహా మాత్రమే ఇవ్వగలదు. దాని మాటకున్న బరువు చట్టం ఇచ్చింది కాదు, దశాబ్దాల మర్యాద వల్ల వచ్చింది.

కెనడా ఉత్తరాన ఇన్యూట్లు ఎక్కువగా ఉండే నూనావుత్ ప్రాంతంలో ఏర్పాటు వేరు. 1993 నాటి భూ ఒప్పందం ప్రకారం అక్కడి వన్యప్రాణి నిర్వహణ మండలిలో తొమ్మిది మంది ఉంటారు: నలుగురిని ఇన్యూట్ సంస్థలు, నలుగురిని ప్రభుత్వం నియమిస్తాయి, వీరికితోడు ఒక అధ్యక్షుడు. ఏ జంతువును ఎంత వేటాడవచ్చో మొదట నిర్ణయించేది ఈ మండలి. మంత్రి ఆ నిర్ణయాన్ని కాదనదలిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పి తిప్పిపంపాలి. మండలి మళ్ళీ పరిశీలించిన తరువాతే మంత్రి తుది మాట చెప్పగలరు. అంటే చివరి అధికారం ఇక్కడా ప్రభుత్వానిదే, కానీ కారణం చెప్పకుండా కాదనే వీలు లేదు. మీరు ప్రభుత్వంలో పనిచేసినవారు కనుక, ఫైలు మీద కారణం రాయవలసిరావడం ఎంత పెద్ద అంకుశమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఇలా కలిసి నిర్వహించిన చోటల్లా జంతువులు పెరిగాయా? విఫలమైన ఉదాహరణలు ఉన్నాయా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉన్నాయి. కెనడా వాయవ్య ప్రాంతంలోని బాథర్స్ట్ కారిబూ మంద 1980ల మధ్యలో దాదాపు 4,70,000 ఉండేది. 2009కి సుమారు 32,000కు, 2018కి సుమారు 8,200కు పడిపోయింది. ఆ ప్రాంతంలో దెనెల్లో ఒక తెగ అయిన త్లీచో ప్రజలకు 2005 నుంచి అమలులో ఉన్న ఒప్పందమూ, దాని కింద ఏర్పడిన ఉమ్మడి మండలీ ఉన్నాయి. అయినా 2010 జనవరిలో ప్రభుత్వం మండలి విచారణ పూర్తికాకముందే అత్యవసరమంటూ వేటను నిషేధించింది. దెనె ప్రజలు తీవ్రంగా నిరసించారు. తరువాత విచారణలు జరిగి పరిమిత కోటాకు, ఆపైన పూర్తి నిలుపుదలకు అందరూ అంగీకరించవలసివచ్చింది. వజ్రాల గనులు, వాటికి వేసిన దారులు, వేడెక్కుతున్న వాతావరణం, తోడేళ్ళు, మందల్లో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు — వీటిలో దేని వాటా ఎంతో ఎవరూ తెగేసి చెప్పలేకపోతున్నారు. ఉమ్మడి నిర్వహణ గనిని మూయలేదు, మంచును గడ్డకట్టించలేదు.

అయితే ఆ మండలి వల్ల ఒక మేలు జరిగింది. వేట మానుకున్న త్లీచో పెద్దలూ యువకులూ 2016 నుంచి ప్రతి వేసవిలోనూ కాంట్వోయ్టో సరస్సు ఒడ్డున నడుస్తూ, మందతో కలిసి ఉంటూ, దూడలు ఎలా ఉన్నాయో, మేత ఎలా ఉందో, తోడేళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో గమనించి నమోదు చేస్తున్నారు. వేట లేని కాలంలో కూడా జంతువుతో సంబంధం తెగిపోకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రశ్న: నల్లమలలో చెంచులు పులులతో కలిసి తరతరాలుగా బతుకుతున్నారు. అటువంటి ఉమ్మడి మండలి మన దగ్గర ఎందుకు లేదు? వన సంరక్షణ సమితులు అటువంటివే కదా? హక్కులిస్తే వేట పెరుగుతుందన్న వాదన నిజమా?
— ఒక ఉపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో చివరిదానికి ముందు జవాబు చెబుతాను, అది సులభం కనుక. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవి మీద చాలా హక్కులను గుర్తించింది గానీ, వేటను, వలపన్నడాన్ని, వన్యప్రాణుల అవయవాలు సేకరించడాన్ని స్పష్టంగా మినహాయించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం యథాతథంగా వర్తిస్తుంది. కాబట్టి హక్కు పత్రం వేటకు లైసెన్సు అవుతుందన్న మాటకు ఆధారం లేదు. అలాస్కా, కెనడా ఉదాహరణలను మనం యథాతథంగా దించుకోలేకపోవడానికి ఇదే కారణం. అక్కడ చర్చ కోటా చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ నివాసం, అటవీ ఫలసాయం, నిప్పు, మేత, కాపలా చుట్టూ తిరగాలి.

వన సంరక్షణ సమితులు అటువంటివి కావు. ఉమ్మడి అటవీ యాజమాన్యం గురించి 1990లో కేంద్రం పంపిన ఉత్తర్వు ఆధారంగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వాటిని ఏర్పాటు చేశారు. కొన్ని ఊళ్ళలో అవి నిజంగా మంచి పని చేశాయి. కానీ వాటికి పునాది పరిపాలనా ఉత్తర్వు. ఇచ్చినవారు తీసేసుకోగల అధికారం భాగస్వామ్యం అనిపించుకోదు. వన్యప్రాణి చట్టానికి 2002లో తెచ్చిన సవరణ అభయారణ్యాలకు సలహా సంఘాలను ఏర్పరచమంది; వాటిలో పంచాయతీరాజ్ ప్రతినిధులు ఉంటారు గానీ ఆ అడవిలో బతికే ఆదివాసులకు ప్రత్యేకంగా ఒక్క స్థానమూ కేటాయించలేదు. అదే సవరణతో వచ్చిన కమ్యూనిటీ రిజర్వులు ప్రైవేటు, సామూహిక భూములకే వర్తిస్తాయి, ప్రభుత్వ అడవులకు కాదు.

నల్లమల పులుల సంరక్షణ పథకంలోకి 1983లో వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్, దక్షిణాన నాగార్జునసాగర్–శ్రీశైలం అని రెండు పులుల అభయారణ్యాలయ్యాయి. రెండు వైపులా బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగేవారిలో, అడుగుజాడలు గుర్తించేవారిలో, కెమెరాలు బిగించేవారిలో చెంచులు ఉన్నారు. వారి అడవి పరిజ్ఞానం అటవీ శాఖకు బాగా తెలుసు, దాన్ని రోజూ వాడుకుంటోంది కూడా. కానీ ఆ పరిజ్ఞానం రోజు కూలీ పద్దులోకి వస్తోంది గానీ నిర్వహణ ప్రణాళిక రాసే బల్ల దగ్గరికి రావడం లేదు. ఏ పెంట (చెంచుల గూడెం) దగ్గర ఎప్పుడు నీళ్ళు ఎండిపోతాయో, ఏ దారిలో పులి తిరుగుతుందో చెప్పగలిగిన మనిషిని, ఆ అడవి గురించి పదేళ్ళ ప్రణాళిక రాసేటప్పుడు పిలవకపోవడం అన్యాయం మాత్రమే కాదు, పులికి కూడా నష్టమని నేను గట్టిగా భావిస్తున్నాను.

కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ కొండల్లో సోలిగ ఆదివాసుల అనుభవం ఈ నష్టం ఎటువంటిదో చూపుతుంది. అక్కడ సోలిగలు వేసవి ముదరకముందే ఎండుటాకులను చిన్న మంటలతో కాల్చేవారు. దాన్ని తరగు బెంకి అంటారు. 1974లో అభయారణ్యం ప్రకటించాక ఆ పద్ధతి ఆగిపోయింది. తరువాతి దశాబ్దాల్లో లాంటానా పొదలు అడవినంతా కమ్ముకున్నాయి, ఉసిరి చెట్లను బదనిక పట్టి పీల్చేసింది. నిప్పు ఆగడమే ఇందుకు ముఖ్య కారణమని సోలిగలు చెబుతూ వచ్చారు. పరిశోధకులు కూడా వారి మాటను పరిశీలించి, అందులో నిజం ఉందని రాశారు. ఆ కొండలు 2011లో పులుల అభయారణ్యమయ్యాయి, అదే ఏడాది సోలిగల గ్రామసభలకు సామూహిక హక్కులు కూడా దక్కాయి. పులుల అభయారణ్యంలో ఆ హక్కులు గుర్తించడం సాధ్యమేనని దీనితో రుజువైంది.

మనకు చట్టం కొరత లేదు. అటవీ హక్కుల చట్టంలోని మూడో సెక్షన్ తమ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇస్తుంది. ఐదో సెక్షన్ వన్యప్రాణులను కాపాడే బాధ్యతనూ అధికారాన్నీ ఇస్తుంది. పులుల అభయారణ్యం నుంచి కుటుంబాలను తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి తప్పనిసరి. తరలింపు ప్యాకేజీని 2021లో కుటుంబానికి 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచారు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ దేశవ్యాప్తంగా కోర్ ప్రాంతాల్లోని (అభయారణ్యాల్లో పులులకే ప్రత్యేకించిన లోపలి భాగాల్లోని) 591 గ్రామాల తరలింపును ప్రాధాన్యంగా తీసుకోమని రాష్ట్రాలకు లేఖ రాసింది. తరలింపుకు గడువులూ లెక్కలూ అడుగుతున్నప్పుడు, హక్కుల గుర్తింపు ఎంతవరకు వచ్చిందో కూడా అంతే కచ్చితంగా అడగడం న్యాయం. హక్కు తేలకముందే డబ్బు లెక్క మొదలుపెడితే సమ్మతి అన్న మాటకు విలువ ఉండదు.

ప్రశ్న: మా గూడెం తన అడవి నిర్వహణ హక్కు కోసం దరఖాస్తు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, పాడేరు ప్రాంతం

జవాబు: గ్రామసభతో మొదలుపెట్టాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ అంతా ఒకే గ్రామం కానక్కరలేదు. మీ గూడెమే గ్రామంగా సభ జరుపుకోవచ్చు. సభకు కనీసం సగం మంది సభ్యులు హాజరుకావాలి, హాజరైనవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఆ సభలో పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో మూడింట రెండు వంతులు షెడ్యూల్డ్ తెగలవారు, మూడో వంతు స్త్రీలు ఉండాలి.

సామూహిక అటవీ వనరుల హక్కుకు 2012లో సవరించిన నియమాల్లోని ‘సి’ ఫారం వాడాలి. ‘ఎ’ ఫారం వ్యక్తిగత భూమికి, ‘బి’ ఫారం ఫలసాయం, మేత వంటి సామూహిక హక్కులకు. చాలా ఊళ్ళు ‘ఎ’ ఫారంతోనే ఆగిపోతున్నాయి, అందువల్ల నిర్వహణ హక్కు ఎవరూ అడగకుండానే ఉండిపోతోంది. దరఖాస్తుకు కనీసం రెండు రకాల సాక్ష్యాలు జతచేయాలి. పెద్దలు ఇచ్చిన వాంగ్మూలాన్ని రాసి పెట్టడం ఒక సాక్ష్యం. శ్మశానాలు, దేవత గుడులు, పాత బావులు, తోటల ఆనవాళ్ళు మరొకటి. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించడానికి నియమాలు ఒప్పుకోవు. సరిహద్దు నడిచి చూసేటప్పుడు పొరుగు గూడేలవారిని పిలిచి, వారి సంతకాలు తీసుకోండి. తరువాత తగాదాలు రావు.

గ్రామసభ తీర్మానం సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడినుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి వెళుతుంది. సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే అరవై రోజుల్లోగా జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, అది మీ హక్కు. పత్రం చేతికి వచ్చిన తరువాత నాలుగో నియమం ప్రకారం వన్యప్రాణుల, అడవుల రక్షణకు గ్రామసభ ఒక కమిటీని వేసుకుని, సొంత నిర్వహణ ప్రణాళిక రాసుకోవాలి. నిప్పు ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ అసలు పెట్టకూడదు, ఏ చెట్టు కొట్టకూడదు, ఏ వాగు దగ్గర జంతువులు నీళ్ళు తాగుతాయి అన్నవి అందులో మీ మాటల్లోనే రాయండి. అటవీ శాఖ తన పని ప్రణాళికలో దాన్ని కలుపుకోవాలని నియమం ఉంది, కనుక ఒక నకలు రేంజి కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవడం మరువకండి.